దున్నని నేలలో విత్తే గొర్రును సొంతంగా కట్టుకోవాలంటే: పని కర్రు దగ్గర మొదలుపెట్టండి

మీ దగ్గర తొమ్మిది పళ్ల స్ప్రింగ్ కల్టివేటర్ ఒకటి, పాత సీడ్ డ్రిల్ నుంచి విప్పి దాచిన విత్తనపు పెట్టె ఒకటి, 45 హార్స్‌పవర్ ట్రాక్టర్ ఒకటి ఉన్నాయని, వెల్డింగ్ పని మీరే చేసుకోగలరని, ధాన్యపు పంట కోసిన చేలో దున్నకుండా నేరుగా విత్తే గొర్రును వీటితో కట్టుకోవడం సాధ్యమేనా అని అడిగారు. సాధ్యమే. అయితే మీరు రాసిన వివరాల్లో సగానికి పైగా విత్తనపు పెట్టె గురించీ దాని చైన్ల గురించీ ఉన్నాయి. కర్రు గురించి ఒకే ఒక్క వాక్యం ఉంది. ఈ వరుసను తిరగేయమన్నదే నా మొదటి సలహా. దుక్కి చేసిన నేలలో పెట్టె సరిగా పనిచేస్తే చాలావరకు పని గట్టెక్కుతుంది, ఎందుకంటే విత్తనానికి కావలసిన గుల్ల మట్టినీ పదునునూ దుక్కే సమకూరుస్తుంది. దున్నని నేలలో ఆ బాధ్యత అంతా కర్రు మీదా, దాని వెనక వచ్చే చక్రం మీదా పడుతుంది. కాబట్టి మీ సమయంలో, ఖర్చులో పెద్ద వాటాను నేలకు తగిలే భాగానికి కేటాయించండి.

ఆ కర్రు ఒకే నడకలో చేయవలసిన పనులు చూడండి. గడ్డిని పక్కకు తప్పించాలి లేదా కోయాలి, గట్టి నేలలో సన్నని గాడి తెరవాలి, ఆ గాడి అడుగున ఒకే లోతులో తేమ మట్టికి తగిలేటట్లు విత్తనాన్ని వదలాలి, ఆ పైన గాడిని మూసి మట్టిని విత్తనం చుట్టూ అదమాలి. వీటిలో ఏ ఒక్కటి తప్పినా మిగతావి ఎంత బాగా జరిగినా మొలకలో తేడా కనిపిస్తుంది.

పళ్లెం ఉన్న డిస్క్ గొర్రు వేసుకోవాలా, పంటి గొర్రు వేసుకోవాలా అన్నది మీ రెండో ప్రశ్న. ఇంట్లో కట్టుకునేవారికి నేను నిస్సందేహంగా పంటి గొర్రునే సూచిస్తాను. డిస్క్ గడ్డిలో ఇరుక్కోకుండా దొర్లుతూ పోతుంది, మట్టిని తక్కువగా కదిలిస్తుంది. ఆ సుగుణాలు నిజమే. కానీ అది తనంతట తాను నేలలోకి దిగదు. దానిని బరువుతో దించాలి. గట్టిపడిన నేలలో ఒక్కో సాలుకు వంద కిలోలకు మించిన బరువు కూడా అవసరమవుతుంది. తొమ్మిది సాళ్లకు ఆ బరువు మోసే చట్రం, దానిని ఎత్తగల లిఫ్టు మీ ట్రాక్టర్ స్థాయికి మించిపోతాయి. ఇంకో చిక్కు ఉంది. డిస్క్ అంచు మొద్దుబారినా, గడ్డి తడిగా ఉన్నా, అది గడ్డిని తెగ్గొట్టకుండా మడిచి గాడిలోకి నెట్టేస్తుంది. విత్తనం ఆ మడత మీద పడి మట్టికి తగలకుండా ఉండిపోతుంది. తడి మట్టిలో ఆ గడ్డి కుళ్లేటప్పుడు ఎసిటిక్ ఆమ్లం వంటివి పుట్టి మొలకను దెబ్బతీస్తాయి. బేరింగులు, వాటి సీళ్లు, పళ్లేల కోణం సరిచూసుకోవడం అన్నీ వీటికి అదనం. పంటి కర్రు ముందుకు వంగి ఉంటే లాగుతున్న కొద్దీ దానంతట అదే నేలలోకి దిగుతుంది, అందువల్ల యంత్రం తేలికగా ఉన్నా సరిపోతుంది. దాని బలహీనత గడ్డిని పోగుచేసి లాగడం; దానికి విరుగుడు చట్రం అమరికలో ఉంది, అది తర్వాత చెబుతాను.

కర్రు ఆకారం విషయంలో తలకిందులైన ‘టి’ అక్షరపు ఆకారాన్ని ఎంచుకోండి. 1970వ దశకంలో న్యూజిలాండ్‌లోని మాసీ విశ్వవిద్యాలయంలో జాన్ బేకర్, ఆయన సహచరులు దున్నని నేలలో గాడి ఆకారానికీ మొలకకూ ఉన్న సంబంధాన్ని పరిశీలిస్తూ ఈ కర్రును రూపొందించారు. ‘వి’ ఆకారపు గాడి పైన వెడల్పుగా, కింద ఇరుకుగా ఉంటుంది కాబట్టి ఎండకు అది నోరు తెరుచుకుని తేమ పోగొట్టుకుంటుంది. తలకిందులైన ‘టి’ గాడి పైన సన్నగా, అడుగున రెండు వైపులా కొద్దిగా విచ్చుకుని ఉంటుంది. పైమట్టీ గడ్డీ తిరిగి దాని మీద కప్పుకోవడం వల్ల విత్తనం ఉన్న చోట తేమ ఎక్కువకాలం నిలుస్తుంది. విత్తాక వాన ఆలస్యమయ్యే చోట్ల ఈ తేడా విలువ బాగా తెలిసివస్తుంది.

దీనిని తయారు చేయడం కష్టమేమీ కాదు. నిలువు భాగానికి 12 మిల్లీమీటర్ల మందం ఉన్న మెత్తని ఉక్కు పలక తీసుకుని, ముందు అంచును గ్రైండర్‌తో సన్నబరచండి. దాని అడుగున రెండు వైపులా చిన్న రెక్కలు అతకండి; రెండు రెక్కలూ కలిపి మొత్తం వెడల్పు 40 మిల్లీమీటర్లకు మించకుండా చూడండి. రెక్కల ముందు భాగం వెనక భాగం కంటే కొద్దిగా కిందికి ఉండాలి. బల్లపరుపుగా అతికితే అవి మట్టిని కిందికి నొక్కి గాడి అడుగును గట్టిపరుస్తాయి, కర్రు కూడా దిగడానికి మొరాయిస్తుంది. విత్తనం జారే గొట్టాన్ని నిలువు పలకకు సరిగ్గా వెనక, పలక నీడలోనే ఉండేలా అతకాలి. పలక కంటే గొట్టం వెడల్పయితే గాడిని తెరిచేది కర్రు కాక గొట్టమే అవుతుంది. కాబట్టి గుండ్రటి గొట్టపు కింది కొసను వైస్‌లో పెట్టి అడ్డంగా నొక్కి, కోడిగుడ్డు ఆకారానికి తెచ్చి అతకండి. దాని నోరు రెక్కల అడుగు కంటే ఒకటి, ఒకటిన్నర సెంటీమీటర్లు పైన ఉండి వెనక్కి వాలి ఉంటే మట్టి ఎక్కి మూసుకుపోదు. ముక్కు కొస మీదా, రెక్కల ముందు అంచుల మీదా హార్డ్ ఫేసింగ్ రాడ్డుతో (అరుగుదలను తట్టుకునే గట్టి లోహాన్ని పోసే వెల్డింగ్ రాడ్డు) రెండు వరుసలు పోయండి. దున్నని నేల, అందులోనూ ఇసుక పాలు ఎక్కువున్న నేల, మెత్తని ఉక్కును చాలా త్వరగా తినేస్తుంది. ముక్కు అరిగిన కర్రు లోతు తగ్గిపోతూ వస్తుంది, ఆ తగ్గుదల పైనుంచి చూస్తే తెలియదు.

ఇక్కడ ఒక గట్టి హెచ్చరిక. కల్టివేటర్ పళ్లలో కొన్ని స్ప్రింగ్ ఉక్కుతో చేసినవి ఉంటాయి. వాటి మీద నేరుగా వెల్డింగ్ చేస్తే అతుకు పక్కనే ఉక్కు పెళుసుబారి, రాయి తగిలిన మొదటి రోజే పుటుక్కున విరుగుతుంది. పన్ను ఏ ఉక్కుదో మీకు కచ్చితంగా తెలియకపోతే వెల్డింగ్ జోలికి పోకుండా కర్రును రెండు బోల్టులతో బిగించండి. అరిగినప్పుడు విప్పి మార్చుకోవడానికీ అదే సులువు.

ఇక చట్రం. మీ కల్టివేటర్ పళ్లు రెండు వరుసల్లో ఉంటాయని రాశారు. సాళ్ల మధ్య 20 సెంటీమీటర్ల దూరం పెట్టుకుంటే, రెండు వరుసల చట్రంలో ఒకే వరుసలో ఉన్న పక్కపక్క పళ్ల మధ్య 40 సెంటీమీటర్ల సందు మాత్రమే ఉంటుంది. కోత మిషన్ వదిలిన గడ్డి ఆ సందులో చిక్కుకుని కొద్ది దూరంలోనే గొర్రు కాస్తా గడ్డి లాగే దంతెగా మారిపోతుంది. వెనక ఇంకొక అడ్డపట్టీ అతికి పళ్లను మూడు వరుసలకు పంచితే ఆ సందు 60 సెంటీమీటర్లవుతుంది. వరుసకూ వరుసకూ మధ్య 50 సెంటీమీటర్లకు తగ్గకుండా, కర్రు మొన నుంచి చట్రం అడుగు వరకు 55 సెంటీమీటర్లకు తగ్గకుండా ఎత్తు ఉంచండి. పాత కల్టివేటర్లలో ఈ ఎత్తే ఎక్కువగా లోపిస్తుంది. అలాంటప్పుడు పొడవైన పళ్లు వేయడం తప్ప దారి లేదు. కొత్త అడ్డపట్టీకి 75 మిల్లీమీటర్ల చదరపు గొట్టం, 6 మిల్లీమీటర్ల మందంతో తీసుకోండి. పళ్లను దానికి రంధ్రాలు తొలిచి బిగించకండి, గొట్టం బలహీనపడుతుంది. యూ బోల్టులతో పట్టిస్తే గొట్టం బలం తగ్గదు, రేపు సాళ్ల దూరం మార్చాలనుకున్నా పళ్లను జరుపుకోవచ్చు.

మూడో వరుస వల్ల యంత్రపు బరువు ట్రాక్టర్‌కు మరింత వెనక్కి జరుగుతుందన్న సంగతి మరవకండి. లిఫ్టు ఎత్తగల బరువును తయారీదారులు లింకు (గొర్రును తగిలించే ట్రాక్టర్ వెనక చేతుల) కొసల దగ్గరో, వాటికి కొంత వెనకో లెక్కించి చెబుతారు. భారం వెనక్కి పోయేకొద్దీ లిఫ్టు సామర్థ్యం తగ్గుతుంది. పెట్టె నిండా విత్తనంతో గొర్రును ఎత్తినప్పుడు ట్రాక్టర్ సొంత బరువులో కనీసం 20 శాతం ముందు ఇరుసు మీద మిగలాలి, లేకపోతే స్టీరింగ్ పట్టు తప్పుతుంది; అవసరమైతే ముందు బరువులు వేసుకోండి. గొర్రును లింకులకు తగిలించే పిన్నులు కూడా సరిచూసుకోండి, వాటి మందం లింకేజి సైజును (కేటగిరీని) బట్టి మారుతుంది: రెండో కేటగిరీ లింకేజికి కింది పిన్ను 28, మొదటి కేటగిరీకి 22 మిల్లీమీటర్లు. గొర్రు కింద పనిచేసేటప్పుడు దానిని హైడ్రాలిక్ లిఫ్టు మీద నిలిపి ఉంచి కిందికి దూరవద్దు. నాలుగు వైపులా స్టాండ్లు పెట్టిన తరువాతే చేయి పెట్టండి.

లోతు గురించి. కల్టివేటర్ స్ప్రింగులు రాళ్ల నుంచి పంటిని కాపాడడానికి ఉన్నవి. దున్నని నేల గట్టిదనానికి బలహీనమైన స్ప్రింగు కొంచెం కొంచెంగా వెనక్కి సాగుతూ ఉంటుంది, పన్ను సాగినప్పుడల్లా కర్రు మొన పైకి లేస్తుంది. అందువల్ల గట్టిగా ఉన్న చోట విత్తనం పైపైన పడుతుంది, మెత్తగా ఉన్న చోట లోతుగా పడుతుంది. మొలక గుంపులు గుంపులుగా రావడానికి ఇదొక ప్రధాన కారణం. స్ప్రింగులను బాగా బిగించండి, లేదా రాళ్లు లేని నేలయితే వాటి స్థానంలో బిగువు చేసిన పట్టీ పెట్టి, రాయి తగిలితే తెగిపోయే షియర్ బోల్టును అమర్చండి. లోతును హైడ్రాలిక్ లివర్‌తో నిలపాలని చూడకండి. చట్రానికి రెండు కొసల్లో లోతు చక్రాలు పెట్టి, యంత్రపు భారాన్ని వాటి మీద నిలపండి. గోధుమ వంటి గింజలకు 4 నుంచి 5 సెంటీమీటర్లు, ఆవాలు వంటి చిన్న గింజలకు 2 సెంటీమీటర్ల పరిసరాలు, శనగకు 5 నుంచి 8 సెంటీమీటర్ల వరకు లోతు తగినది. చిన్న గింజలకు ఒక సెంటీమీటరు తేడా కూడా పెద్దదే, కాబట్టి మొదటి పంటగా గోధుమ వంటి కాస్త పెద్ద గింజనే ఎంచుకోవడం మంచిది.

కర్రు వెనక ప్రతి సాలుకూ ఒక అదుము చక్రం ఉండాలి. చాలామంది దీనిని అనవసరమనుకుని, వెనక ఒక గొలుసో కమ్మీయో లాగించి సరిపెడతారు. గొలుసు మట్టిని కప్పుతుంది గానీ అదమదు. విత్తనం తేమను పీల్చుకోవాలంటే మట్టి దానిని అన్ని వైపులా అంటుకుని ఉండాలి. గాడిలో గాలి ఖాళీ మిగిలితే విత్తనం కొంత ఉబ్బి అక్కడే ఆగిపోతుంది. 5 నుంచి 7 సెంటీమీటర్ల వెడల్పున్న రబ్బరు చక్రాన్ని కీలు మీద వేలాడదీసి, స్ప్రింగుతో ఒత్తిడి మార్చుకునేలా అమర్చండి. పొడి పదునులో ఒత్తిడి పెంచాలి. బంకమట్టి తడిగా ఉన్నప్పుడు బాగా తగ్గించాలి, లేకపోతే గాడి మీద పెచ్చు కట్టి మొలక పైకి రాలేదు. ఈ చక్రాలు మీ లోతు చక్రాల పనిని లాగేసుకోకుండా చూడండి. అవి చట్రాన్ని ఎత్తేంత బిగువుగా ఉండకూడదు.

విత్తనపు పెట్టె విషయంలో నా సలహా చిన్నదే: గింజను కొలిచి వదిలే యంత్రాంగాన్ని ఇంట్లో చేయాలని ప్రయత్నించకండి. మీ పాత పెట్టెలో ఉన్న గాళ్ల రోలర్లు (చుట్టూ గాడులు ఉండి, తిరుగుతూ గింజను కొలిచి వదిలేవి) అరిగిపోకుండా, పగుళ్లు లేకుండా ఉంటే వాటినే వాడండి, చెడినవాటి స్థానంలో కొత్తవి కొనండి. అవి గోధుమ, ఆవాలు, జొన్న వంటి వాటికి సరిపోతాయి. వేరుశనగ, మొక్కజొన్న, శనగ వంటి పెద్ద గింజలను అవి చితక్కొడతాయి, వాటికి గుంతల పళ్లెం ఉన్న పెట్టె వేరుగా కావాలి. గొట్టాల విషయంలో మాత్రం అశ్రద్ధ చేయకండి. మూడు వరుసల చట్రంలో ముందు, వెనక వరుసల గొట్టాలు ఏటవాలుగా పోతాయి. పెట్టె ఎత్తు చాలకపోతే అవి మధ్యలో పొట్ట వేసి, గింజ ఆగి ఆగి పడుతుంది. పెట్టెను మధ్య వరుసకు పైన, ఏ గొట్టమూ 45 డిగ్రీల కంటే వాలిపోనంత ఎత్తులో నిలపండి. పారదర్శకమైన గొట్టాలు వాడితే ఏ సాలులో గింజ ఆగిందో నడుస్తుండగానే కనిపిస్తుంది.

పెట్టెను నడిపే చక్రానికి అంచున ఇనుప పళ్లు అతికి, స్ప్రింగుతో నేలకు అదిమి ఉంచండి, గొర్రు ఎత్తగానే అది నేలను వదిలేయాలి. ఇక మోతాదు లెక్క. తొమ్మిది సాళ్లు, 20 సెంటీమీటర్ల దూరం అంటే విత్తే వెడల్పు 1.8 మీటర్లు. చక్రం వ్యాసం 60 సెంటీమీటర్లయితే దాని చుట్టుకొలత 1.885 మీటర్లు. అంటే ఒక్కో చుట్టుకు 3.39 చదరపు మీటర్లు విత్తినట్టు, 100 చదరపు మీటర్లకు 29.5 చుట్లు. హెక్టారుకు 100 కిలోల మోతాదు కావాలంటే అన్ని చుట్లలో మొత్తం ఒక కిలో, ఒక్కో గొట్టం నుంచి 111 గ్రాములు రావాలి. ఇది కాగితం మీది లెక్క. చేలో చక్రం కొంత జారుతుంది. కాబట్టి చక్రానికి సున్నంతో గుర్తు పెట్టి, కర్రులు నేలలో ఉండగా పది చుట్లు నడిపి, ఎంత దూరం వచ్చిందో టేపుతో కొలవండి. 18.85 మీటర్లకు బదులు 20.4 మీటర్లు వస్తే, 100 చదరపు మీటర్లకు 29.5 చుట్లు కాక 27.2 చుట్లు మాత్రమే పడతాయి. ఆ 27 చుట్లలోనే కిలో పడేటట్లు రోలర్లను తెరవాలి. ఒక్కో గొట్టం కింద ఒక్కో సంచి కట్టి విడివిడిగా తూచండి. మొత్తం సరిపోయి, ఒక గొట్టం 130 గ్రాములు, ఇంకొకటి 90 గ్రాములు ఇస్తే ఆ లోపం పంటకాలమంతా సాళ్లలో కనిపిస్తూనే ఉంటుంది. తేడా ఐదు శాతం లోపలికి తెచ్చేవరకు వదలకండి. మందు పట్టించిన విత్తనమైతే చేతి తొడుగులు తప్పనిసరి.

చేలో దిగేముందు గడ్డి సంగతి చూసుకోవాలి. వేరుతో నిలబడి ఉన్న కొయ్యకాళ్లు పంటి గొర్రుకు అంతగా అడ్డు రావు, విడిగా రాలి పోగులు పడిన గడ్డే అడ్డు వస్తుంది. కోత మిషన్ వెనక గడ్డి చేనంతా సమంగా చెదిరేలా చూడడం, కొయ్యకాళ్ల ఎత్తు సాళ్ల దూరానికి మించకుండా కోయించడం విత్తడంలో సగం పని. ఎండిన పూట విత్తండి. మంచుకు తడిసిన గడ్డి పళ్లకు చుట్టుకుంటుంది. వేగం గంటకు 5 కిలోమీటర్లు దాటనివ్వకండి; అంతకు మించితే వెనక పళ్లు లేపిన మట్టి ముందు వరుసల సాళ్ల మీద పడి, అక్కడి విత్తనం అనుకున్న దానికంటే లోతులో చిక్కుతుంది. కర్రులు నేలలో ఉండగా ఎట్టి పరిస్థితిలోనూ వెనక్కి నడపకండి, ఒక్క అడుగు వెనక్కి వేసినా గొట్టాల నోళ్లు మట్టితో మూసుకుపోతాయి.

మొదటి ఇరవై మీటర్లు నడిపి దిగి, ప్రతి వరుసలోనూ ఒక సాలును చేత్తో తవ్వి చూడండి. గాడికి అడ్డంగా ఒక చిన్న గుంత తీస్తే గోడలు కనిపిస్తాయి. అవి గరుకుగా, వేలితో నొక్కితే విరిగిపోయేలా ఉంటే పదును సరిగ్గా ఉన్నట్టు. అద్దంలా నునుపుగా మెరుస్తుంటే తేమ ఎక్కువై కర్రు మట్టిని పామేసిందని అర్థం; అలాంటి గాడిలో వేరు గోడను చీల్చుకుని పోలేక గాడి వెంటే పాకుతుంది, ఎండ కాయగానే గాడి విచ్చుకుంటుంది. ఆ రోజు పని ఆపి ఒకటి రెండు రోజులు ఆరనివ్వడమే మేలు. గాడి అడుగున గింజ మట్టిని తాకి ఉందో, గడ్డి మీద ఉందో, దాని పైన ఎంత మందం మట్టి ఉందో కొలబద్దతో చూడండి. ట్రాక్టర్ టైర్ల వెనక నడిచే సాళ్లను విడిగా పరీక్షించండి, అక్కడ నేల అణగి ఉంటుంది కాబట్టి ఆ కర్రులను ఒక సెంటీమీటరు కిందికి దించవలసి రావచ్చు.

చివరగా, అదే పెట్టెలో ఎరువు కూడా కలిపి వేయవచ్చా అన్నారు. యూరియాను విత్తనంతో ఒకే గాడిలో వేయవద్దు. అది నేలలో విచ్ఛిన్నమయ్యేటప్పుడు వెలువడే అమ్మోనియా మొలకను చంపుతుంది, సన్నని గాడిలో అది చెదిరిపోవడానికి చోటు కూడా ఉండదు. డీఏపీ కూడా మోతాదు పెరిగినా, నేలలో తేమ తక్కువున్నా హాని చేస్తుంది. విత్తనానికి పక్కగా, కిందుగా 5 సెంటీమీటర్ల దూరంలో ఎరువు పడాలంటే ఒక్కో సాలుకు రెండో గొట్టం, దానికి వేరే కర్రు కావాలి, లాగే భారం కూడా పెరుగుతుంది. మొదటి ఏడాది ఎరువు పెట్టె లేకుండానే గొర్రును సరిదిద్దుకుని, మొలక సంతృప్తికరంగా వచ్చాక రెండో ఏడాది దానిని చేర్చండి. చేర్చినప్పుడు ఎరువు తగిలే రోలర్లు ప్లాస్టిక్‌వి, షాఫ్టు తుప్పు పట్టనిది వేయించండి. విత్తిన సాయంత్రమే పెట్టెను ఖాళీ చేసి, కడిగి, ఆరబెట్టి, చైన్‌కూ బేరింగులకూ నూనె పట్టించండి.